మూడో తిత్తికి పడిన చిల్లు

మా రోడెన్‌ఫెల్డ్ చర్చిలో పదకొండేళ్ళపాటు ఆర్గన్ వాయించినవాణ్ణి నేనే. నేను వాయిస్తుంటే పక్క ఊరి ఆవులు రెండు పూటలా ఎక్కువ పాలిచ్చేవి. ఒకసారి చెప్పులు కుట్టే ఆయన చచ్చిపోయి కూడా శవపేటికలో లేచి కూర్చుని, పాట పూర్తిగా విని, మళ్ళీ మర్యాదగా పడుకున్నాడు.

ఈ మాటే ఒకరోజు బీరు కొట్టులో ఓ బట్టల వ్యాపారితో అన్నాను. పొరుగూరివాడు, పాపం నమ్మేశాడు. మూలనున్న క్లావికార్డ్ అనే చిన్న మెట్ల పెట్టె మూత తీసి, "ఏదీ, ఓ ముక్క వినిపించు బాబూ" అన్నాడు. కూర్చున్నాను. మెట్లు చూశాను. కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా ఉన్నాయి. అంతకు మించి వాటి గురించి నాకేమీ తెలియదు. కాళ్ళు ఎక్కడ పెట్టాలా అని బల్ల కింద వెతుకుతుంటే కొట్టంతా పగలబడి నవ్వింది.

"వాడు తొక్కేవాడండీ బాబూ, వాయించేవాడు కాదు" అన్నాడు కొట్టు యజమాని.

నిజమే. ఆర్గన్‌కి ముందువైపు బంగారుపూత గొట్టాలు, దేవదూతల బొమ్మలు ఉంటాయి. వెనకవైపు నేనుంటాను. నా గదిలో మూడు తోలు తిత్తులు, ఒక్కోటీ మంచమంత. ఒక్కోదానికి ఒక్కో దూలం. దూలమెక్కి తొక్కితే తిత్తి పైకి లేస్తుంది, ఆపైన మెల్లగా కుంగుతూ గొట్టాలకు గాలి పోస్తుంది. అది కుంగేలోపు రెండోది తొక్కాలి, రెండోది కుంగేలోపు మూడోది. తొమ్మిదో ఏట ఎక్కాను వాటిమీద. అప్పట్నుంచి స్వర్గం దాకా రెండుసార్లు నడిచి వెనక్కి వచ్చి ఉంటాను, గదిలోంచి మాత్రం కదల్లేదు. ముందువైపు మాస్టారు ఓ పిడి లాగితే నా గదిలో గంట మోగేది. మోగితే తొక్కాలి, మళ్ళీ మోగితే ఆపాలి. నా సంగీత విద్య అంతటితో సంపూర్ణం.

మాస్టారంటే మెల్కియోర్ ట్రాయ్‌బర్ గారు. ముప్పై నాలుగేళ్ళు ఆ ఆర్గన్ ముందు కూర్చున్న మనిషి. మంచి మూడ్‌లో ఉంటే, "ఒరేయ్ యోస్ట్, నువ్వు లేకపోతే నేను చెక్క గీక్కునేవాణ్ణిరా" అనేవారు. లేకపోతే, "తొక్కరా గాడిదా" అనేవారు. రెండూ నిజాలే.

ఆయనకు ఒక్కతే కూతురు, సబీనా. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఇంట్లో క్లావికార్డ్ మీద తండ్రి నేర్పితే నేర్చుకుని, తండ్రిని దాటిపోయింది. చర్చిలో ఆడవాళ్ళు వాయించకూడదు కదా, అందుకని పని రోజుల్లో మధ్యాహ్నం పూట, పాస్టరు గారు కునుకు తీసే వేళకి వచ్చేది. మా ఇద్దరి మధ్యా ఒప్పందం: ఒక గంట తొక్కితే ఒక రొట్టె ముక్క, మీద ప్లం పండ్ల ముద్ద మందంగా. ఆమె రొట్టె పట్టుకుని తిత్తుల గదిలోకే వచ్చేది, దూలం మీద కూర్చుని నేను చెప్పే అబద్ధాలు విని నవ్వేది. మేయరు గారి మీసంలో పిచ్చుక గుడ్లు పెట్టిందని చెబితే, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది ఒకసారి. ఆ నవ్వు కోసం నేను ఇంకా పెద్ద పక్షుల్ని పెట్టడానికి కూడా సిద్ధమే.

ఇంతలో మాస్టారి చేతులు వణకడం మొదలుపెట్టాయి. కొత్త మనిషిని చూడాలన్నారు ఊరి పెద్దలు.

మా ఊళ్ళో ఆ ఉద్యోగానికి ఒక ఆచారం ఉంది. ఎవడు ఆ బల్ల మీద కూర్చోవాలనుకుంటే వాడు పాత మాస్టారి కూతుర్ని పెళ్ళి చేసుకోవాలి. ఉద్యోగంతోపాటు చర్చి పక్కన ఇల్లు, ఇంటితోపాటు కూతురు. మెల్కియోర్ గారు అలాగే వచ్చారు, ఆయన మామగారూ అలాగే వచ్చారట. మా ఆర్గన్ కూతుళ్ళ చేతి మీదుగానే నడుస్తూ వచ్చింది. కూతుళ్ళు మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. కూతుర్ని కాదన్నవాడికి ఉద్యోగం రాదు. కూతురే కాదంటే, ఇల్లు ఖాళీ చెయ్యాలి.

"లూబెక్‌లో ఆర్గన్ వాయించిన బుక్స్‌టెహుడె అంతటివాడికే ఈ ఆచారం తప్పలేదు" అన్నాడు మేయరు. "ఆయన కూతురున్న సంగతి తెలిసి హాండెల్ అనే కుర్రాడు అటు నుంచి అటే పోయాడట. ఆ తర్వాత బాఖ్ వందల మైళ్ళు నడిచి వచ్చి, నెలల తరబడి విని, ఆయనా నడుచుకుంటూ వెనక్కి పోయాడట."

"మరి ఆ అమ్మాయిని చివరికి ఎవరు చేసుకున్నారండీ?" అని అడిగాను.

"ఎవరో చేసుకున్నారు. పేరు గుర్తులేదు."

"పారిపోయినవాళ్ళ పేర్లే గుర్తున్నాయన్నమాట" అంది సబీనా. ఎవరూ నవ్వలేదు, నేను తప్ప.

మొదట వచ్చినవాడికి యాభై ఏళ్ళు. ముక్కుపొడి డబ్బీ చేతిలో ఉంటే తప్ప మాట రాదు, మాట వచ్చిందంటే ఎదుటివాళ్ళకి తుమ్ములు వస్తాయి. పెద్దల ముందు వాయించి చూపే పరీక్షకి ముందురోజు సబీనా నా గదికొచ్చి, "ఒరేయ్ యోస్ట్, రేపు నేను పైన గ్యాలరీలో కూర్చుంటాను. రెండుసార్లు దగ్గానంటే..." అంది.

"నాకు కాళ్ళు పట్టేస్తాయి" అన్నాను.

దగ్గింది. పట్టేశాయి. పాట మధ్యలో ఆర్గన్ ప్రాణం పోయింది. ఆయన ముక్కుపొడి తీసుకుని ఊరు విడిచిపోయాడు. రెండోవాడు ముందుగా ఇల్లు చూపించమని, కర్రతో గదులు కొలిచి, ఆర్గన్ వయసెంత, అమ్మాయి వయసెంత అని అడిగి, "ఆర్గనే నయం" అన్నాడు. ఆ రోజు ఆమె దగ్గు విన్నవాళ్ళు క్షయ అనుకుని ఉంటారు. ఆ సాయంత్రం నాకు మొత్తం రొట్టె ఇచ్చింది.

మూడోవాడు లోరెంట్స్ హాకె. సన్నగా, మోచేతుల దగ్గర అతుకులేసిన కోటుతో, లైప్‌జిగ్‌లో బాఖ్ గారి దగ్గర చదివి వచ్చాడు. వస్తూనే ఆర్గన్ వైపు చూడలేదు. వెనక్కి తిరిగి తిన్నగా నా గదికి వచ్చాడు.

"నీ పేరేమిటి తమ్ముడూ?"

"యోస్ట్ అండీ. ఈ ఆర్గన్ వాయించేది నేనే."

"తెలుసు" అన్నాడు, నవ్వకుండా. "తొక్కేవాడి పేరు తెలుసుకోకుండా వాయించడమంటే, వండినవాళ్ళని పలకరించకుండా భోంచేసి లేవడం లాంటిది."

నాకు వెంటనే కోపం వచ్చింది. ఆటపట్టించడానికి వీల్లేని మనిషి.

తర్వాత ముందుకెళ్ళి, గొట్టాల వరసలు తెరిచే పిడులన్నీ ఒకేసారి లాగి, రెండు చేతులూ రెండు కాళ్ళూ వేసి, గొట్టాలన్నీ మోగేలా ఒకే స్వరాన్ని అలా పట్టి ఉంచాడు. నా తొడలు మండిపోయాయి. పక్కనే నిలబడ్డ సబీనా, "ఇదేం పాట?" అంది.

"పాట కాదండీ. మా గురువుగారు ఏ ఊరెళ్ళినా ముందు ఇదే చేస్తారు. ఆర్గన్‌కి ఊపిరితిత్తులు బాగున్నాయో లేదో చూస్తారు. తర్వాతే సంగీతం."

"మరి మా ఆర్గన్‌కి?"

"బ్రహ్మాండం. మీ యోస్ట్ ఉన్నాడుగా."

ఊరి పెద్దల తీరిక కోసం మూడు వారాలు ఉండిపోయాడు. రోజూ మాస్టారింటికి వెళ్ళేవాడు. క్లావికార్డ్ ముందు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని, అతను ఒక వరస వాయిస్తే దానికి ఆమె జవాబు వాయించేది. కిటికీలోంచి నవ్వులు వినపడేవి. ఆ మూడు వారాల్లో నాకు రొట్టె రెండుసార్లే వచ్చింది. నేను లెక్కపెట్టలేదు, ఊరికే గుర్తుందంతే.

పరీక్ష ముందురోజు ఇద్దరూ కలిసి నా గదికొచ్చారు. సబీనా దగ్గు సంగతంతా అతనికి చెప్పేసింది. ముక్కుపొడి ఆయనలా తుమ్మి చూపించింది.

"యోస్ట్ నా సైన్యమండీ" అంది. "నేను దగ్గితే కోటలు కూలిపోతాయి."

"అయితే రేపు తేనె తాగి రండి" అన్నాడతను.

"భయమా?"

"భయమే. మీరు దగ్గారనుకోండి, నేను ఎందుకని అడగను, బతిమాలను. టోపీ తీసుకుని వెళ్ళిపోతాను. ఇంటి కోసం ఒప్పుకోవాల్సిన అవసరం మీకు రాకూడదు."

ఆమె నవ్వడం ఆపేసింది. అతని చెయ్యి పట్టుకుంది. నేను తిత్తుల వైపు తిరిగి, తోలుకు నూనె రాశాను. ముందురోజే రాశాను, అయినా మళ్ళీ రాశాను.

మర్నాడు మధ్యాహ్నం పెద్దలంతా కింద బల్లల మీద కూర్చున్నారు. గంట మోగింది, తొక్కాను. అతను మొదలుపెట్టాడు. ముందు ఒక గొంతు ఒంటరిగా బయలుదేరింది. అదే మాట అంటూ వెనకే రెండోది, దాని వెనక మూడోది, చివరికి నేల కింద నుంచి లేచినట్టు నాలుగోది. నా గది గోడలో చెయ్యి పట్టేంత కంత ఉంది. అందులోంచి గ్యాలరీ కనిపిస్తుంది. సబీనా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది, పొరపాటున కూడా దగ్గు రాకూడదని. ఎప్పుడొచ్చినా ముందు నా కంత వైపు చూసి కన్నుగీటేది. ఆ రోజు చూడలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఎలుక.

మామూలు ఎలుక కాదు. దూడంత ఉంది. మేయరు గారికున్నంత మీసం. నన్ను ఎగాదిగా చూసి, మూడో తిత్తి దగ్గరికి తాపీగా నడిచి, ఒక్క కొరుకు కొరికింది. తోలు పరపరా చిరిగింది. నేను ఎలుకతో పోట్లాడేలోపు అయిపోయింది. ఆర్గన్ చావు మీరెప్పుడూ వినలేదేమో. సన్నగా మూలిగి, స్వరం కిందకి జారి, చివరికి మెట్లు చెక్కకు తగిలే టకటక మాత్రం మిగులుతుంది. లోరెంట్స్ వేళ్ళు ఆ చచ్చిన మెట్ల మీద ఇంకా రెండు వరసలు నడిచాయి. తర్వాత ఆగాయి.

అతను తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. ఆమె లేచి నిలబడి ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. కంగారుతో పెట్టుకుంది. కానీ దూరం నుంచి చూసేవాళ్ళకి దగ్గినట్టే ఉంటుంది. అతను టోపీ తీసుకున్నాడు. పెద్దలకు ఒంగి దణ్ణం పెట్టాడు. వెళ్ళిపోయాడు.

ఆమె మెట్లన్నీ దూకుతూ నా గదిలోకి వచ్చిపడింది.

"ఏమైందిరా? నేను దగ్గలేదు! నేను దగ్గలేదురా!"

"ఎలుక, అమ్మాయిగారూ" అని మూడో తిత్తి చూపించాను. జానెడు చిరుగు.

"పరిగెత్తు. సత్రం దగ్గర తపాలా బండి ఎక్కేస్తాడు. నేను పరిగెడితే ఊరంతా చూస్తారు, నాన్న పరువు పోతుంది. నువ్వెళ్ళు. సబీనా దగ్గలేదని చెప్పు. తిత్తి చిరిగిందని చెప్పు. రేపు మళ్ళీ వాయించమని చెప్పు. పోరా!"

పరిగెత్తాను. ఎంత వేగంగా అంటే నా నీడ సగం దారిలో కూర్చుండిపోయింది. వెనక్కి వచ్చేసరికి ఆమె ఇంకా దూలం పట్టుకునే నిలబడి ఉంది.

"చెప్పావా?"

"చెప్పానండీ."

"ఏమన్నాడు?"

"'ఊపిరి లేని ఆర్గన్ నాకెందుకు' అని బండెక్కేశాడు."

ఆమె ఏడవలేదు. తల ఊపింది. "మంచిదే, ముందే తెలిసింది" అని, ఇంటికి వెళ్ళి రాత్రి వంటకి ఉల్లిపాయలు తరిగింది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఎవరైనా ఏడవచ్చు కదా. మూడు రోజులు ఉల్లిపాయలే తరిగింది.

మేయరు వచ్చి చిరుగు చూసి, "ఒక్క తిత్తికేగా, ఇంకో రెండేళ్ళు నడుస్తుంది" అని బాగుచేయించకుండా వెళ్ళిపోయాడు. వసంతంలో లోరెంట్స్ కబురు తెలిసింది. ఎల్బె నది ఒడ్డున ఏదో ఊళ్ళో కుదురుకున్నాడట. ఆ ఊళ్ళోనూ ఒక ఆర్గన్, ఒక కూతురు ఉన్నారట. సబీనా ఆ కబురు విని, "ఆ అమ్మాయి పేరేమిటో" అంది. అంతే.

ఆ తర్వాత ఆమె రొట్టె తెచ్చింది, వాయించింది, నేను చెప్పిన అబద్ధాలన్నీ విన్నది. మేయరు మీసంలో కొంగను కూడా పెట్టాను. నవ్వలేదు.

మాస్టారు ఆ ఎండాకాలం చివర్లో పోయారు. పెద్దలు హడావిడిగా వేరే మనిషిని తెచ్చారు. ఆయనకు అప్పటికే పెళ్ళాం, అయిదుగురు పిల్లలు. సెప్టెంబరు చివర్లో వచ్చే మైకేల్ పండుగకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. సబీనా ఎర్‌ఫుర్ట్‌లో మేనత్త ఇంటికి, కొవ్వొత్తులు పోసే పనికి వెళ్ళాలి. అక్కడ ఆమె వాయించడానికి ఏమీ లేదు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం, సామాను బండి బయట ఆగి ఉండగా, చర్చిలోకి వచ్చింది. చేతిలో రొట్టె.

"చివరిసారి తొక్కుతావా?" అంది.

"మీకోసమైతే గొట్టాలు ఊడి ఎగిరిపోయేలా తొక్కుతానండీ" అన్నాను.

గంట మోగింది. లోరెంట్స్ ఆ రోజు వాయించిందే మొదలుపెట్టింది. ఒక గొంతు, దాని వెనక రెండోది, మూడోది, నాలుగోది. సరిగ్గా ఆ రోజు ప్రాణం పోయిన చోటికి వచ్చింది. అక్కడ ఆపి, పిడులన్నీ లాగింది. రెండు చేతులూ రెండు కాళ్ళూ వేసి, గొట్టాలన్నీ మోగేలా ఒక స్వరాన్ని పట్టుకుంది.

పట్టుకునే ఉంది.

నేను తొక్కాను. ఆమె మళ్ళీ ఎప్పటికీ వాయించదని తెలుసు. అందుకని ఈసారి గాలి ఒక్క చుక్క తగ్గకూడదనుకున్నాను. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ ఒకటి. కిటికీలు వణికాయి. మూడో దూలం తొక్కినప్పుడల్లా స్వరం కాస్త అదిరేది, మళ్ళీ నిలబడేది. చెమట కళ్ళలోకి కారింది. పదకొండేళ్ళలో నేను అంత బాగా ఎప్పుడూ తొక్కలేదు. ఇది అతిశయోక్తి కాదు.

స్వరం ఆగింది. ఆమె నా గదిలోకి వచ్చింది. రొట్టె దూలం మీద పెట్టింది. మూడో తిత్తి దగ్గర కూర్చుని, చిరుగు మీద వేలు పెట్టింది.

"ఎవరూ బాగుచెయ్యలేదు కదా దీన్ని."

"లేదండీ."

"ఆ రోజున్నంతే ఉంది కదా."

నేను చొక్కాతో చెమట తుడుచుకున్నాను.

"నాన్న పోయే ముందు నాతో ఒక మాటన్నాడు. 'అతను నచ్చలేదని నాకు ముందే చెప్పాల్సిందమ్మా, నేనేం కొట్టేవాణ్ణి కాదుగా' అన్నాడు. నేను దగ్గలేదు నాన్నా, తిత్తి చిరిగిందన్నాను. నా చెయ్యి నిమిరి నవ్వాడు. 'తిత్తి చిరిగితే మూడో అడుగుకోసారి అదురుతుంది తల్లీ. మూడూ కలిసి చచ్చాయంటే, తొక్కేవాడి కాలు ఆగిందనే' అన్నాడు. నేను అబద్ధం చెబుతున్నానని అనుకుంటూనే పోయాడురా మా నాన్న."

ఎలుక సంగతి మళ్ళీ చెబుదామని నోరు తెరిచాను. దాని మీసం దగ్గరే ఆగిపోయాను.

"ఇప్పుడు అన్ని గొట్టాలూ మోగించాను. అదే చిరుగు. గాలి ఆగిపోలేదేం యోస్ట్?"

బయట గుర్రం గిట్టలతో చప్పుడు చేస్తోంది. మూడు తిత్తులూ నా వెనక మెల్లగా కుంగుతున్నాయి.

"ఎలుక లేదు, అమ్మాయిగారూ" అన్నాను. "కాలు నేనే ఆపాను. మీరు మెట్లు దిగి వస్తున్న చప్పుడు విని, చాకుతో కోశాను."

"ఎందుకురా?"

"మీరు నా కంత వైపు చూడలేదు. కాసేపు ఆపితే చూస్తారనుకున్నాను. తర్వాత ఇద్దరం నవ్వుకుంటామనుకున్నాను."

ఆమె చిరుగు మీంచి వేలు తీసింది. తర్వాత, అడగడానికే భయపడుతున్నట్టు మెల్లగా అడిగింది.

"మరి బండి దగ్గర?"

"అప్పటికింకా గుర్రాల్ని కట్టలేదండీ. పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. 'సబీనా ఏమైనా చెప్పమందా తమ్ముడూ?' అని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"చెబితే వెనక్కి వచ్చేస్తాడు. వస్తే తిత్తి చూస్తాడు. అతనికి తిత్తుల సంగతి తెలుసు."

"ఏం చెప్పావురా?"

"'ఏమీ చెప్పమనలేదండీ' అన్నాను."